వరి మడచెట్టు కాదు

మా వదినగారు పోయిన కబురు నాకు చేలో ఉండగా తెలిసింది. ఊడ్పులై మూడు వారాలు. కలుపు తీసేవాళ్ళతో పాటు నేనూ బురదలో దిగి ఉన్నాను. గట్టు మీద పెట్టిన సెల్‌ఫోన్ మోగితే చేతులు కొంగుకి తుడుచుకుని తీశాను. అమలాపురం ఆసుపత్రి నుంచి మా అమ్మాయి. "అమ్మా, అత్త వెళ్ళిపోయింది" అంది. ఆ తర్వాత దాని ఏడుపే వినబడింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తానని, రాగానే చేను చూపించమని క్రితం సాయంత్రమే నాతో అన్న మనిషి. మాట తప్పడం ఆవిడకి అలవాటు లేదు.

వదినగారంటే మా ఆయనకి పెద్దక్క. ముప్ఫై ఏళ్ళు హైస్కూలు పిల్లలకి నేచురల్ సైన్సు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అడిగినవాళ్ళే చేసుకునేలా ఉంటే చెప్పండి, ఆలోచిస్తాను" అనేవారు. కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో మాకో పెంకుటిల్లు, ఎకరంన్నర వరిచేను, దాని గట్ల మీద కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఊరందరికీ ఆవిడ టీచరుగారు. నాకు మాత్రం వదినగారు.

ఆ రోజు మా వాకిట్లోకి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. "పాపమండీ! మొగుడా, పిల్లలా, ఏం అనుభవించేరండీ ఆవిడ? ఆ చేను పట్టుకుని వేళ్ళాడేరు." పలకరించడానికి వచ్చినవాళ్ళ మీద ఎగరకూడదని ఊరుకున్నాను. మూడో రోజున, రొయ్యల చెరువులకి లీజులు కుదిర్చే పెద్దమనిషి ఒకాయన వచ్చి ఇంకో అడుగు ముందుకేశాడు. "ఇంకెవరున్నారండీ అడ్డం? టీచరుగారు ఉండగా ఎలాగూ పడనివ్వలేదు. దినాలు కానివ్వండి, పన్నెండో నాడు పొద్దున్నే టేపు పట్టుకుని చేలోకి వస్తాను. చెరువుకి ఇచ్చేసి హాయిగా కూచోండి." ఆ 'హాయిగా' అన్న మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది రాయాలనుకున్నది అప్పుడే. ఆవిడ పాపం కాదండీ. ఆయన అన్నట్టు అడ్డమే. మా మట్టికీ ఉప్పుకీ మధ్యన పుష్కరం పైగా అడ్డం నిలబడ్డ మనిషి. ఆ నిలబడడం ఎలాంటిదో తెలియకుండా జాలిపడితే నేను ఒప్పుకోను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది తొంభైల మొదట్లో. రావులపాలెం దగ్గర అరటితోటల ఊరు నాది. టెన్త్ తప్పి ఇంట్లో కూచున్నదాన్ని. పెళ్ళైన నాలుగో నెల్లో మా ఆయన మస్కట్ వెళ్ళిపోయారు. ఇక ఇంట్లో టీచరు ఆడపడుచు, టెన్త్ తప్పిన మరదలు మిగిలాం. "జాగర్తే, తప్పులు దిద్దుతుందావిడ" అని మా అమ్మ నాకు ముందే భయం పెట్టి పంపింది. నిజంగానే మొదటి రోజే దిద్దారు. వడ్డించడానికి అరిటాకు కోసుకొచ్చి కడుగుతుంటే, "అమ్మాయ్, ఆకుని అటు తిప్పు. వీపు చూడు. అందరూ దాని మొహం మీద తిని పారేస్తారు. దాని బతుకంతా వీపునే ఉంటుంది" అన్నారు. అరటితోటల్లో పుట్టినదానికి అరిటాకు గురించి చెప్పొచ్చారా అని లోపల్లోపల నవ్వుకున్నాను.

ఆ ఆదివారం గోళ్ళరంగు సీసా తీశారు. కాటుక కూడా పెట్టుకోని మనిషి, గోళ్ళరంగు మాత్రం తరచూ కొనేవారు. అమలాపురంలో ఫ్యాన్సీ షాపాయన "ఏ రంగిమ్మంటారు మేడంగారూ" అని ముసిముసిగా నవ్వేవాడట. "రంగు లేనిది ఇవ్వండి. పూయించుకునేవాళ్ళే పచ్చగా ఉంటారు" అనేవారట. ఆకు వీపున ఆ రంగు పల్చగా పూసి, ఆరనిచ్చి, పైన టేపు అంటించి పొరలా లాగారు. దాన్ని గాజుపలక మీద అతికించి, స్కూలు నుంచి అడిగి తెచ్చిన మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. చూస్తే అన్నీ నోళ్ళే. ఒక్కోదానికి రెండు పెదాలు, మధ్యన చీలిక. లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి.

"వీటిని పత్రరంధ్రాలంటారు. చదివే ఉంటావు" అన్నారు.

"చదివేనండి. రెండు మార్కుల ప్రశ్న."

"చూశావా ఎప్పుడైనా?"

"లేదండి."

"మరి నువ్వు తప్పడమేవిటి? చూపించనివాళ్ళు తప్పేరు."

పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నన్ను ఒకరు వెనకేసుకురావడం అదే మొదలు. పొయ్యి పొగ వంక పెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

అక్కణ్ణించి ఆవిడకి నేనూ ఒక క్లాసు. పెరట్లో కొబ్బరిచెట్టు చూపించి, "అంత ఎత్తున ఆ తలకి నీళ్ళు ఎవరు మోస్తున్నారు? మోటారేదైనా కనబడుతోందా?" అనేవారు. ఆకు తన నోళ్ళలోంచి ఆవిరి వదులుతుంది, వదిలిన దాని వెనక ఇంకాస్త నీరు పైకి జరుగుతుంది, వేరు నుంచి ఆకు దాకా సన్నటి గొట్టాల్లో నీళ్ళు తెగని తాడులా ఉంటాయి అని చెప్పారు. ఆ గొట్టాల పేరు దారువు. నాకు ఎక్కడం లేదని తెలిసి, "సినిమా టిక్కెట్ల లైను చూశావా? ముందువాడు టిక్కెట్టు పుచ్చుకుని పోతే లైనంతా ఒకడుగు జరుగుతుంది కదా" అన్నారు. "వెనకనించి తోస్తారు కూడానండి" అన్నాను. పడీపడీ నవ్వి, "అదీ నిజమే, వేళ్ళు కూడా కాస్త తోస్తాయి" అన్నారు. మరి ఎండకి వేళ్ళకి నీరు అందకపోతే ఏం చేస్తుందండీ అని అడిగాను. "నోళ్ళు మూసేసుకుంటుంది. మూస్తే నీళ్ళు మిగులుతాయి గానీ లోపల వంట ఆగిపోతుంది. అయినా మూస్తుంది. ఆకలికి ఓర్చుకుంటుంది కానీ దాహానికి చావదు."

మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం అరిటాకులు రెండు రెక్కలూ కిందికి వాల్చేసి, పొద్దు వాలాక మళ్ళీ చాపుకుంటాయని మాటల్లో అన్నాను. ఆవిడ గబుక్కున లేచి నా చెయ్యి పట్టుకున్నారు. "పుస్తకంలో అది ఒక లైను. నువ్వు ఇరవై ఏళ్ళు చూశావు. రేపు తొమ్మిదో తరగతికి వచ్చి చెప్పు." ఆవిడకి అదో అలవాటు. కల్లుగీత మనిషినీ, వరినారుకి ఆకుమళ్ళు పోసే ముసలామెనీ, ఎవరు ఏది కళ్ళారా చూస్తే వాళ్ళని క్లాసులో నిలబెట్టి చెప్పించేవారు. టెన్త్ తప్పిన నేను బల్ల పక్కన నిలబడి అరిటాకు పాఠం చెప్పాను. ఆ రోజు నాకు నా మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

తొంభైల నడిమికి మా వైపు రొయ్యలొచ్చాయి. పొక్లెయిన్లు దిగి వరిచేలని చెరువులు చేసేశాయి. సముద్రపు పోటుకి పైకి తన్నే ఉప్పునీళ్ళు తోడి వాటిని నింపారు. పెంకుటిళ్ళ మధ్య మేడలు లేచాయి. మా చేనుకి తూర్పు గట్టు ఆనుకుని ఉన్న ఆసామి కూడా తన మూడెకరాలూ తవ్వించాడు. చెడ్డవాడేం కాదు, పెళ్ళికైనా పేరంటానికైనా ముందు మమ్మల్ని పిలిచేవాడు. మమ్మల్నీ ఇచ్చెయ్యమన్నాడు. మస్కట్ నుంచి మా ఆయన కూడా "అక్కా, అందరూ ఇస్తున్నారు, మనకెందుకు పంతం" అని రాశారు. వదినగారు నా ఎదురుగానే జవాబు రాశారు. "తమ్ముడూ, అన్నం ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఈ మట్టి అమ్మే కొట్టు నాకు తెలిసి ఎక్కడా లేదు. ఇక్కడ అందరం కులాసా." ఉత్తరం అంతే.

కోనసీమలో కరువేవిటని బయటివాళ్ళు నవ్వుతారు. ఎటు చూసినా నీళ్ళే కదా అంటారు. మాది పంట కాలువకి చిట్టచివర చేను. సార్వాకి వానలుంటాయి గనక ఫర్వాలేదు. వేసవి దాళ్వాకి వంతులవారీ నీళ్ళు. పైవాళ్ళందరి వంతులూ తీరి మా దాకా వచ్చేసరికి కాలువలో తడి మాత్రం మిగిలేది. అలాంటప్పుడు పక్కనున్న మురుగు కాలువకి, అదే కోడుకి, ఆయిలింజను పెట్టి తోడుకోవడం మా మామగారి కాలం నుంచీ ఆనవాయితీ. అప్పటి కోడులో పారేది వాననీరూ, పై చేల మురుగు నీరూ.

చెరువులు వచ్చిన మరుసటేడు దాళ్వాకి మా వంతు నీళ్ళు రెండుసార్లు రాలేదు. సరిగ్గా అప్పుడే వదినగారికి రాజోలు వైపు టెన్త్ పరీక్షల డ్యూటీ పడింది. అక్కడే తోటి టీచరుగారింట్లో ఉండాలి. వెళ్ళే రోజు మధ్యాహ్నం నన్ను చేలోకి తీసుకెళ్ళారు. వరి ఆకులన్నీ సన్నటి పుల్లల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. "భయపడకు. ఆకు పైపొరలో బుడగల్లాంటి గదులుంటాయి. నీళ్ళు తగ్గితే అవి ముడుచుకుని ఆకుని చుట్టేస్తాయి. అప్పుడు ఎండ తగిలే చోటు తగ్గుతుంది. సాయంత్రానికి విచ్చుకుంటోందా లేదా చూసుకో. విచ్చుకున్నన్నాళ్ళూ దానికి ఓపిక ఉన్నట్టే. కాలువ వంతు వచ్చేదాకా ఆగు. కోడు నీళ్ళు మాత్రం పెట్టకు, అవి మునుపటి నీళ్ళు కావు" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నాను.

మూడు రోజులు ఆగాను. గట్టు మీద వెళ్ళే ప్రతివాళ్ళూ "చేను ఎండగడతన్నావేంటమ్మా, పక్కన కోడు నిండా నీళ్ళెట్టుకుని" అనేవారు. మధ్యాహ్నం పూట చేను వైపు చూడలేకపోయేదాన్ని. దాహమని ఏడ్చే పిల్ల పక్కన బిందెడు నీళ్ళు పెట్టుకుని కూచున్నట్టుండేది. ఆవిడకేం, పుస్తకం చదివి చెప్తారు, ఇక్కడ చూస్తున్నది నేను అనుకున్నాను. నాలుగో రోజు ఇంజను తెప్పించి పొద్దున్నించి సాయంత్రం దాకా కోడు నీళ్ళు పెట్టించాను. చేను నిండి మెరుస్తుంటే గట్టు మీద కూచుని ఎంత పొంగిపోయానో చెప్పలేను. వదినగారు లేకపోయినా చేను దక్కించానని నా గొప్ప.

రెండు రోజులకి ఆకు ఇంకా బిగిసింది. సాయంత్రం విచ్చుకోలేదు. తెల్లారి కూడా విచ్చుకోలేదు. వారానికి కొసలు తెల్లబడి, నిప్పు చూపించినట్టు అంచులు మాడాయి. నీళ్ళలో నిలబడ్డ చేను నీళ్ళకి మాడిపోయింది.

వదినగారు బస్సు దిగి సంచీ భుజాన ఉండగానే చేలోకి వచ్చారు. "ఎంతసేపు పెట్టించావు?" అన్నారు. "సాయంత్రం దాకానండి" అని భోరుమన్నాను.

"ఏడిస్తే గట్టు దిగి అవతల ఏడు. ఈ చేలో ఇప్పటికే ఉప్పెక్కువైంది."

ఏడుపులో నవ్వొచ్చింది, ఆ నవ్వుకి ఏడుపు మరీ ఎక్కువైంది. ఆవిడ సంచీ పక్కన పెట్టి నా దగ్గర చతికిలబడ్డారు. నీళ్ళున్నాయి కదండీ, ఎందుకు తాగలేదండీ అని అడిగాను. "మాగాయ పెడతావు కదా. ముక్కలకి ఉప్పు పట్టిస్తే మర్నాటికి ఊట వస్తుంది. ఆ ఊట ఎక్కడిది?" "ముక్కల్లోదేనండి." "వేళ్ళకీ అంతే. చెరువుల ఉప్పునీళ్ళు ఇప్పుడు కోడులోకే వదులుతున్నారు. మట్టిలో ఉప్పెక్కువైతే అవి నీళ్ళు లాగలేవు, వాటిలో ఉన్నదే బయటికి పోతుంది. ఆకు చుట్టుకుంటే నువ్వు ఓడిపోయిందనుకున్నావు. అది ఓర్చుకుంటోందమ్మా. ఓర్చుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఓర్చుకునేవాళ్ళని చూస్తే మనవాళ్ళకి తోచదు, ఏదో ఒకటి పోసి చంపేస్తారు." ఈ రోజుకీ మాగాయకి ముక్కలు తరుగుతుంటే నాకు ఆ చేనే కనబడుతుంది.

ఆ దాళ్వాకి గింజ ఇంటికి రాలేదు. ఊళ్ళో ఎవరడిగినా వదినగారు, "కోడు నీళ్ళు పెట్టేమండీ, పోయింది" అనేవారు. 'పెట్టేం' అనేవారు. 'పెట్టింది' అని ఒక్కరి దగ్గర కూడా, ఆఖరికి తమ్ముడికి రాసిన ఉత్తరంలో కూడా అనలేదు. నేను ఆవిడకి ఏం బాకీ అని ఎవరైనా అడిగితే ఆ ఒక్క మాటే చెప్తాను.

ఆ తర్వాతి సార్వాకి మేం చుక్క కోడు నీళ్ళు పెట్టలేదు. అయినా తూర్పు గట్టు వారన బారెడు మేర వరి అలాగే మాడింది. చెరువు నీళ్ళు గట్టు కింద నుంచి ఊరుతున్నాయని వదినగారికి అర్థమైంది. పంచాయితీ ఆఫీసులో పెద్దలని కూచోబెట్టారు. చెరువు ఆసామి వచ్చి, "తెగులండీ అది. మందు కొట్టలేదు. ఆడవాళ్ళ వ్యవసాయం కదండీ, మనం ఏవనగలం" అన్నాడు. వదినగారు సంచీలోంచి తోటకూర మొక్కలు తీశారు. పొద్దున్న పెరట్లో వేళ్ళతో సహా పీకి, ఎండలో వాడబెట్టి తెచ్చినవి. తలలు వాల్చేసి గుడ్డపీలికల్లా ఉన్నాయి. బల్ల మీద రెండు గాజుగ్లాసులు పెట్టారు. ఒకదానిలో పంట కాలువ నీళ్ళు. "రెండోదాన్లో మీ చెరువు నీళ్ళు మీరే ముంచుకు రండి. నేను తెస్తే ఉప్పు కలిపేనంటారు" అన్నారు ఆసామితో.

ఆయన మనిషిని పంపి తెప్పించాడు. సగం మొక్కలు ఇందులో, సగం అందులో పెట్టారు. "ఓ గంట కూచుందాం" అన్నారు. పెద్దలు ఇబ్బందిగా కదిలారు. టీలు వచ్చాయి. కొబ్బరికాయల ధర గురించీ, జొన్నాడ దగ్గర బోల్తాపడ్డ లారీ గురించీ మాట్లాడుకున్నారు. మాట్లాడుతున్నారు గానీ కళ్ళన్నీ గ్లాసుల మీదే. గంట తిరిగేసరికి కాలువ నీళ్ళలో మొక్కలు ఒక్కోటీ తల ఎత్తాయి. చెరువు నీళ్ళలోవి గ్లాసు అంచుకి అంటుకుపోయి అలాగే ఉన్నాయి. పెద్దాయన ఒకరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆయ్, తెలిసిందండి" అన్నారు.

"ఇది చిన్నపిల్లల పాఠం కదండీ" అన్నాడు ఆసామి.

"ఔనండి, పిల్లల పాఠమే. వాళ్ళకీ గంటే పడుతుంది, మీకూ గంటే పట్టింది. అదే సంతోషం" అన్నారు వదినగారు.

తన గట్టు లోపల ఊటనీరు పట్టే బోదె తవ్వించమని పెద్దలు ఆసామికి చెప్పారు. "తప్పకుండానండి" అన్నాడు. తవ్వించలేదు. రెండు నెలలు చూశాక వదినగారు మా వైపునే బోదెకి ముగ్గు గీశారు. ఇద్దరు కూలీలు, ఆవిడ, నేను. ఆదివారాలూ సెలవురోజులూ పలుగూ పారా పట్టాం. యాభైకి దగ్గరపడ్డ టీచరుగారు చీర ఎగ్గట్టి మట్టి ఎత్తుతుంటే జనం గట్లెక్కి చూశారు. ఆసామి ఒకరోజు గొడుగు వేసుకొచ్చి, "టీచరుగారూ, ఈ ఎండలో మీకెందుకండీ ఈ శ్రమ" అన్నాడు. "మీరు పడతారని చూశామండి. మీరు పడలేదు, మాకు మిగిలిపోయింది" అన్నారు ఆవిడ తట్ట దించకుండా.

బోదె అయ్యాక ప్రతి సార్వాకీ ముందు, కాలువ నిండా మంచినీళ్ళు పారే రోజుల్లో, చేను నింపడం, నాలుగు రోజులు నిలవగట్టడం, ఉప్పు కరిగిన నీటిని బోదెలోకి వదిలెయ్యడం, మళ్ళీ నింపడం. "చేనుకి స్నానాలు చేయిస్తన్నారు" అని ఊరు నవ్వుకుంది. పచ్చిరొట్ట ఎరువుకని జీలుగు చల్లి, ఎదిగాక మట్టిలో కలియదున్నించాం. మొదటేడు నష్టమే. రెండో ఏడూ చెప్పుకోతగ్గది రాలేదు. నేను విసిగి ఇక ఇచ్చేద్దామండీ అన్నాను. నిజం దాచడమెందుకు, ఏడుస్తూ అన్నాను. ఆవిడ మర్నాడు అలవాటుగా తెల్లవారకుండా లేచి, తలుపు దగ్గర నా పార కూడా తన పార పక్కన పెట్టుకుని నిలబడ్డారు.

ఆ రోజుల్లోనే పిల్లల్ని పడవల మీద మడ అడవి చూపించడానికి తీసుకెళ్ళారు. పులిహోర గిన్నెలు మోయడానికి నేనూ వెళ్ళాను. ఆవిడ మడ ఆకు ఒకటి కోసి, వీపు తిప్పి గోటితో గీరి, గోటికి అంటిన తెల్లటి పొడిని పిల్లలకి చూపించారు. "ఉప్పు. ఈ చెట్టు ఉప్పునీళ్ళే తాగుతుంది. నీళ్ళు ఉంచుకుని ఉప్పుని ఆకులోంచి బయటికి నెట్టేస్తుంది" అన్నారు. మాతో వచ్చిన తోటి మేష్టారు మంచి మాట చెప్పాలని, "చూశారా పిల్లలూ, మనం కూడా మడచెట్టులా పరిస్థితులకి సర్దుకుపోవాలి" అన్నారు. వదినగారు ఆకు కింద పెట్టేశారు.

"వరి మడచెట్టు కాదండి మేష్టారూ. మడచెట్టు తరతరాలుగా ఉప్పులో పుట్టి ఆ విద్య నేర్చుకుంది. వరికి ఆ విద్య లేదు. వరిని తీసుకొచ్చి ఉప్పులో నిలబెట్టి సర్దుకుపొమ్మంటే అది నీతి కాదు. దానికి మంచినీళ్ళు కావాలి. కావాలి అనడం దాని తప్పు కాదు."

పిల్లలకి ఎంత అర్థమైందో తెలియదు. పడవలో కూచున్న నాకు మాత్రం అర్థమైంది. చిన్నప్పటి నుంచీ నాకు అందరూ చెప్పింది సర్దుకుపొమ్మనే. అది కాదనవచ్చని అంత మామూలు గొంతుతో చెప్పిన మనిషిని అంతకుముందు చూడలేదు.

మూడో ఏడు చేను పండింది. మునుపటంత కాదు, కానీ పండింది. అదే ఏడాది చెరువుల్లో రొయ్యలకి ఒంటి మీద తెల్లమచ్చల రోగం వచ్చి, చూస్తుండగా చెరువులు ఖాళీ అయిపోయాయి. చెరువు పూడ్చిన నేలలో గడ్డి కూడా మొలవలేదు. ఆసామి మా వీధరుగు మీదికి వచ్చి చాలాసేపు కూచుని, చివరికి, "జీలుగు విత్తనం ఎక్కడ దొరుకుతుందండీ టీచరుగారూ" అన్నాడు. నేనైతే నాలుగు దులిపేదాన్ని. నోటి దాకా వచ్చింది కూడా. వదినగారు లోపలికెళ్ళి సంచీ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టారు. "ఒక్క షరతండి. రేపు మా తొమ్మిదో తరగతికి వచ్చి, మీ నేల ఏమైందో మీ నోటితో పిల్లలకి చెప్పాలి." ఆయన మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల పక్కన నిలబడి, "నీళ్ళే కదా అనుకున్నానమ్మా" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. వదినగారు మంచినీళ్ళ గ్లాసు అందించి, తొందర లేదండీ అన్నారు.

ఆవిడ రిటైరయ్యాక ఇంకా పొద్దున్నే చేలోకి వచ్చేవారు. తర్వాత బీపీ, ఆ తర్వాత కిడ్నీలు. డాక్టరు ఉప్పు పూర్తిగా మానెయ్యమంటే, "చేలోంచి తరిమితే నా ఒంట్లో దూరింది చూశావా, నా మీద పగ పట్టింది" అన్నారు. చప్పిడి కూర తింటూ ముఖం చిట్లించేవారు గానీ ఒక్క రోజు కూడా దొంగతనంగా వేసుకోలేదు. ఆవిడ పోయారని తెలియగానే మస్కట్ నుంచి మా ఆయన వచ్చి అక్కగారి కర్మ చేశారు. చేను మాట ఎత్తితే, "చేసేది నువ్వు. చెప్పేదీ నువ్వే" అన్నారు.

పన్నెండో నాడు పొద్దున్నే లీజుల పెద్దమనిషి నిజంగానే టేపుతో చేలోకి వచ్చాడు. నేను అప్పటికే గట్టు మీద ఉన్నాను.

"ఇవ్వనండి" అన్నాను.

"తొందరపడకండి. ఆయనగారితో ఓ మాట అనుకుని..."

"అనుకునేం. ఇవ్వం."

"టీచరుగారు పోయేరు గదండీ. ఇంకెవరి కోసవండీ ఈ పంతం?"

"ఆవిడ పోయేరు. నేనున్నాను కదండీ" అన్నాను. ఆయన టేపు జేబులో పెట్టుకుని బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు పోయాక చేను వైపు తిరిగాను. అప్పుడే ఎండ పొడుస్తోంది. ప్రతి వరి ఆకు కొసనా ఒక్కో నీటి చుక్క నిలబడి ఉంది, తూర్పు గట్టు దాకా. ఎన్నో ఏళ్ళు నేను అది మంచు చుక్క అనుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళే ముందు వారమే వదినగారు చెప్పారు, మంచు అయితే ఆకంతా తడవాలి, కొసనే ఎందుకుంటుందని. రాత్రంతా తాగింది ఎక్కువై ఆకు తనంతట తాను కొస నుంచి వదిలిన నీరు అది. కడుపు నిండా తాగిన చేలోనే కనబడుతుందట. నేను గట్టు దిగి, ఒకప్పుడు రెండేళ్ళ పాటు ఏమీ పండని ఆ తూర్పు వారన వంగాను. ఒక ఆకు కొస మీది చుక్కని వేలి మీదికి తీసుకుని నాలుక మీద వేసుకున్నాను.

చప్పగా ఉంది.